ఇంట్లో ఈఫిల్ టవర్: ఫోమా, ప్లాస్టిక్కా, మెటలా, చెక్కా, లెగోనా?

మా అక్క కొడుకుని పదో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, "మామయ్యా, ఈఫిల్ టవర్ కట్టే పజిల్" అన్నాడు. ఎంతలే అనుకుని ఫోన్ తీశాను. అదే పేరుతో రెండొందల రూపాయల పేకెట్ కనిపించింది, అర లక్ష దాటే పెట్టె కూడా కనిపించింది. ఒకదానిలో ముక్కలు ముప్పైకి మించవు, ఇంకోదానిలో పదివేలు. ఫొటోల్లో మాత్రం అన్నీ ఒకేలా నిటారుగా మెరిసిపోతున్నాయి.

తర్వాత నాలుగేళ్లలో ఆ టవర్ మా ఇంట్లో నాలుగు రకాలుగా లేచింది. ఒకటి కూలింది, ఒకటి సగంలోనే అలమరలోకి వెళ్లిపోయింది. ఐదోది లెగో, అంటే ఒకదాని మీద ఒకటి నొక్కి బిగించే ప్లాస్టిక్ ఇటుకలది. అది నేను కొనలేదు, ఒక స్నేహితుడింట్లో రెండు ఆదివారాలు కూర్చుని ముక్కలు అందించి, కొంత కట్టిపెట్టాను. ఈ అనుభవంతో చెప్పగలిగింది ఒక్కటే: ముక్కల సంఖ్య చూసి కొనకండి, ఏ పదార్థంతో చేశారో చూసి కొనండి. ఎందుకో చెప్పాలంటే ముందు అసలు టవర్ దగ్గరికి వెళ్లాలి.

## అసలు టవరే ఒక పెద్ద పజిల్

పారిస్‌లో ఈఫిల్ టవర్‌ని ఇటుక మీద ఇటుక పెట్టినట్టు కట్టలేదు. 18,038 ఇనుప భాగాలను ఊరి శివార్లలో, లవల్వా-పెరెలోని ఈఫిల్ కార్ఖానాలో ముందే కొలిచి, కోసి, చిల్లులు వేసి తెచ్చారు. సైట్ మీద వాటిని రివెట్లతో, అంటే తల కొట్టి బిగించే ఇనుప మేకులతో, బిగించారు. మొత్తం రివెట్లు 25 లక్షలు. 1887 జనవరిలో మొదలైన పని 1889 మార్చికి, అంటే రెండేళ్ల రెండు నెలల్లో ముగిసింది. ఇప్పుడు మన బల్ల మీద "పార్ట్ 14ని పార్ట్ 15లో దూర్చుము" అని చేసేది కూడా చిన్న ఎత్తున అదే పని.

నాలుగు కాళ్లూ విడివిడిగా లోపలికి వాలుతూ లేచి, 57 మీటర్ల ఎత్తున మొదటి అంతస్తు దగ్గర కలుసుకోవాలి. ఒక్క కాలు కాస్త పక్కకి జరిగినా పైన రివెట్ల చిల్లులు ఒకదానికొకటి ఎదురుపడవు. అందుకే వాళ్లు ఇసుక పెట్టెలు, హైడ్రాలిక్ జాకీలు పెట్టుకున్నారు. కాలు ఎత్తుగా ఉంటే ఇసుక కొంచెం వదిలి దించడం, తగ్గితే జాకీతో లేపడం. అలా మిల్లీమీటరు తేడాతో సరిచేసి, 1887 డిసెంబర్ 7న ఆ కలయిక పూర్తి చేశారు.

మన పజిల్‌లో కూడా చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే. ఫోమ్ కొన్నా, ఇనుము కొన్నా, కాళ్లు నాలుగూ తేలిగ్గానే తయారవుతాయి. వాటిని మొదటి అంతస్తు పలకలో ఒకేసారి దూర్చేటప్పుడు మూడు కూర్చుంటాయి, నాలుగోది బయటికి వచ్చేస్తుంది. దాన్ని దూరిస్తే ఎదుటిది ఊడుతుంది. మన దగ్గర ఇసుక పెట్టెలు ఉండవు కాబట్టి ఆ సర్దుబాటు పదార్థమే ఇవ్వాలి.

## ముందు వీటిని తేల్చుకోండి

జాలీ. ఈ టవర్‌లో గోడలు లేవు. ఉన్నదంతా ఇనుప కమ్మీల అల్లిక, దాని మధ్య గాలి. అవతలి ఆకాశం కనిపించకపోతే అది ఈఫిల్ టవర్‌లా ఉండదు, ఈఫిల్ టవర్ బొమ్మ అంటించిన స్తంభంలా ఉంటుంది. నా మటుకు మొదటి ప్రశ్న ఇదే. ఐదేళ్ల పాపకి ఈ ప్రశ్నే రాదు, అదీ నిజమే.

కాళ్లు కలిసేచోట ఎంత సర్దుకుంటుంది? ఫోమ్ కాస్త నలుగుతుంది, ప్లాస్టిక్ కాస్త వంగుతుంది. చెక్క వంగదు, విరుగుతుంది. మెటల్ వంగుతుంది కానీ ఎక్కువసార్లు ఊరుకోదు.

తప్పు చేస్తే వెనక్కి రాగలమా? పిల్లల విషయంలో జాలీ కన్నా దీన్నే ముందు చూడాలి.

చేతులు, కళ్లు. నలభై దాటి, రీడింగ్ గ్లాసెస్ ఎక్కడ పెట్టామో వెతుక్కునే మాలాంటి వాళ్లకి రెండు మిల్లీమీటర్ల కొక్కెం కనబడటమే ఒక ఘట్టం.

కట్టాక ఎక్కడ పెడతారు? దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. సీలింగ్ ఫ్యాన్ తిరిగే ఇంట్లో జాలీ ఉన్న వస్తువంటే దుమ్ముకి పండగే. పైగా గోడవారగా పెట్టిన ఏ టవర్ అయినా బల్లికి మేడ.

| రకం | జాలీ | తప్పు దిద్దుకోవడం | నాకు పట్టిన సమయం | సరిపోయేవాళ్లు |
|---|---|---|---|---|
| ఫోమ్ బోర్డు | చాలావరకు ముద్రించిన బొమ్మే | రెండు మూడుసార్లు పర్వాలేదు | రెండు గంటలు | చిన్న పిల్లలు, స్కూల్ ప్రాజెక్టు |
| ప్లాస్టిక్ జిగ్సా | ముద్రే, కానీ నీటుగా | ఎన్నిసార్లైనా | ఒక సాయంత్రం | పిల్లలు పెద్దలు కలిసి |
| మెటల్ షీట్ | నిజమైన జాలీ | దాదాపు లేదు | మూడు గంటలు | ఓపిక, నిలకడైన చెయ్యి ఉన్నవాళ్లు |
| లేజర్ కట్ చెక్క | నిజమైనదే, కాస్త మోటు | జాగ్రత్తగా అయితే ఒకసారి | రెండు సాయంత్రాలు (వానాకాలంలో ఆగింది కాక) | చెక్క ఇష్టమైనవాళ్లు |
| లెగో (పెద్దది) | నిజమైన జాలీ | ఎన్నిసార్లైనా | వారాలు (స్నేహితుడికి) | చోటు, డబ్బు, తీరిక మూడూ ఉన్నవాళ్లు |

## ఫోమ్ బోర్డు

బజార్లో ఎక్కువగా దొరికేది ఇదే. రెండు వైపులా రంగు కాగితం, మధ్యలో పలచని ఫోమ్. ముక్కలు షీట్‌లోంచి వేలితో నొక్కితే ఊడతాయి. కత్తెర అక్కర్లేదు, జిగురు కూడా అక్కర్లేదని పెట్టె మీద రాస్తారు. మొదటి సగం నిజం.

పెట్టె తెరిచిన వెంటనే ముక్కలన్నీ ఊడదీసి కుప్ప పోయడం పిల్లలు చేసే పని. మావాడూ అదే చేశాడు. చాలా కిట్లలో ప్రతి ముక్క పక్కన షీట్ మీద నంబర్ ఉంటుంది, ముక్క మీద ఉండదు. ఊడదీశాక ఏది ఎనిమిదో ఏది పదకొండో దేవుడికే తెలియాలి. ముందు షీట్లన్నిటికీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, ఆ అడుగుకి కావలసిన ముక్కల్నే ఊడదీయండి.

కాళ్లు కలిసేచోట ఫోమ్ బాగానే సహకరిస్తుంది. ఫోమ్ నలిగి చోటిస్తుంది కాబట్టి నాలుగో కాలు కూడా బలవంతంగా కూర్చుంటుంది. ఒకసారి నలిగిన కొక్కెం మళ్లీ బిగుతుగా పట్టదు, అదే దీనితో వచ్చే ఇబ్బంది. మూడోసారి విప్పి కట్టేటప్పటికి కాగితం చివర్లు లేచిపోతాయి. అప్పుడు జిగురు తప్పదు. తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ లాంటిది, పుల్లతో చుక్క పెడితే చాలు. ఇన్‌స్టంట్ గమ్ జోలికి పోకండి, అది ఈ రకం ఫోమ్‌ని తినేస్తుంది. మా ఇంట్లో కూలిన టవర్ ఇదే. రెండో అంతస్తు దగ్గర గమ్ వేశాను, పొద్దున్నకి అక్కడ గుంట పడింది.

ఇందులోనే ఇంకో మెట్టు పైది ఉంది. కెనడాలో 1991లో మొదలైన రెబిట్ కంపెనీ వెనక మందపాటి ఫోమ్ ఉన్న జిగ్సా (ఒకదానిలో ఒకటి ఇమిడి బొమ్మయ్యే) ముక్కలతో త్రీడీ కట్టడాలు చేస్తోంది. వాళ్ల ఈఫిల్ టవర్‌లో 816 ముక్కలు. పలకల్ని ముందు మామూలు జిగ్సాలా పరిచి కట్టి, తర్వాత నిలబెట్టాలి. జిగ్సా అంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఇది వేరే ఆనందం. కానీ బొమ్మ మీద చూస్తే ఒకే రంగు కమ్మీలే ఎటు చూసినా. ఆకాశం ముక్కలు కలిపిన వాళ్లకి ఆ బాధ తెలుసు.

## ప్లాస్టిక్ జిగ్సా

రావెన్స్‌బర్గర్ అనే జర్మన్ కంపెనీ చేసే ఈఫిల్ టవర్‌లో 216 ముక్కలుంటాయి. ముక్క వెనక నంబర్ ఉంటుంది. నంబర్లు చూసి వరసగా కట్టొచ్చు, లేదా నంబర్లు మూసేసుకుని బొమ్మని బట్టి కట్టొచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల నంబర్లతో, వాళ్ల నాన్న నంబర్లు లేకుండా, ఇద్దరూ ఒకే బల్ల మీద చెరో కాలు కట్టడం నేను చూశాను. పిల్లే ముందు పూర్తి చేసింది.

టక్కుమని పడుతుంది, జిగురు లేకుండా నిలుస్తుంది, విప్పి పెట్టెలో పెడితే మళ్లీ వేసవి సెలవుల్లో కట్టుకోవచ్చు. బహుమతిగా ఇవ్వడానికి, అవతలివాళ్ల చేతివాటం గురించి మీకేమీ తెలియనప్పుడు, ఇదే భద్రమైన ఎంపిక. లోపల దీపం వెలిగే నైట్ ఎడిషన్ కూడా ఉంది. రాత్రి పూట అది బాగుంటుంది, ఎందుకంటే చీకట్లో జాలీ లేదన్న సంగతి కనబడదు. పండగ అయ్యాక బ్యాటరీలు తీసి పెట్టండి. లోపలే వదిలేస్తే కారిపోయి తుప్పు పడుతుంది.

పగటిపూట మాత్రం ఇది స్తంభమే. ముద్ర ఎంత నీటుగా ఉన్నా అవతలి గోడ కనిపించదు.

## మెటల్ షీట్

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. కాబట్టి నా మాటలో పక్షపాతం కొంచెం తీసేసి చదువుకోండి.

మెటల్ ఎర్త్ బ్రాండ్ లాంటి కిట్లలో అరచేయంత పలచని స్టీలు షీట్ వస్తుంది. అందులో టవర్ అంతా లేజర్‌తో కోసి, అక్కడక్కడ సన్నని కణుపుల దగ్గర అతికి ఉంటుంది. కణుపు కత్తిరించి ముక్క తీయాలి, వంచాలి, కొక్కేన్ని ఎదుటి చిల్లులో దూర్చి మడవాలి లేదా మెలిపెట్టాలి. జిగురు ఉండదు, టంకం ఉండదు. సామాను రెండే: చిన్న కట్టర్, ఎలక్ట్రీషియన్లు వాడే నోస్ ప్లయర్లో సన్నమూతిది. నేను మొదట గోళ్లు కత్తిరించేదానితో పని కానిచ్చాను. కోత కాస్త గరుకుగా వచ్చింది, అంతే.

కమ్మీలు, కమ్మీల మధ్య ఖాళీలు, అసలు టవర్‌లో ఉన్నట్టే వచ్చేది ఇందులోనే. కిటికీ దగ్గర పెడితే నీడ కూడా జాలీగా పడుతుంది.

చిక్కులూ ఉన్నాయి. ఈ టవర్ కాళ్లు తిన్నగా ఉండవు, కిందికి వచ్చేకొద్దీ విచ్చుకుంటాయి. ఆ వంపుని మనమే తేవాలి. వేళ్లతో ఒక్కసారి వంచితే మడత పడుతుంది. పెన్ను బారెల్ మీద పెట్టి నెమ్మదిగా రుద్దితే వంపు నున్నగా వస్తుంది. వంచే ముందు చెక్కిన గీతలు బయటికి ఉన్నాయో లోపలికి ఉన్నాయో రెండుసార్లు చూడండి. కొక్కెం ఒకసారి వంచితే గట్టిగా ఉంటుంది, విప్పి రెండోసారి వంచితే బలహీనపడుతుంది, మూడోసారికి విరిగి చేతికొస్తుంది. తప్పు దిద్దుకోవడం దాదాపు లేదన్నది అందుకే.

మొదటి అంతస్తు దగ్గర నేను కనిపెట్టిన ఉపాయం: నాలుగు కాళ్ల కొక్కేలనీ చిల్లుల్లో దూర్చండి కానీ మడవకండి. నాలుగూ దూరాక ఎదురెదురు మూలల్ని సగం సగం మడవండి. ఒకసారి బల్ల మీద నిలబెట్టి ఊగుతోందేమో చూసుకుని, అప్పుడు పూర్తిగా బిగించండి. స్కూటర్ చక్రం నట్లు మెకానిక్ ఎలా బిగిస్తాడో అలాగే.

పెట్టె మీద 14 ఏళ్లు పైబడినవారికి అని ఉంటుంది. ఆ మాట వినండి, అంచులు వేలు కోస్తాయి. ముక్క కింద పడితే మొజాయిక్ గచ్చు మీద దొరకదు. తెల్ల పళ్లెంలో పెట్టుకుని పని చేయండి, ఫ్యాన్ ఆపేయండి. కాకినాడ మే నెలలో ఫ్యాన్ ఆపి మూడు గంటలు కూర్చోవడమే ఈ పజిల్‌లో అన్నిటికన్నా కష్టమైన అడుగు.

## లేజర్ కట్ చెక్క

మా ఇంట్లో సగంలో ఆగి, అలమరలో పడి, మళ్లీ లేచినది ఇది. పలచని ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసేది) పలకలో ముక్కలు కోసి ఉంటాయి. పెట్టె తెరవగానే కాలిన చెక్క వాసన వస్తుంది, వేళ్లకి మసి అంటుతుంది. ముందు పొడి గుడ్డతో తుడవకపోతే టవర్ మీద మీ వేలిముద్రలు శాశ్వతం.

చెక్క గాడి సరిగ్గా చెక్క మందానికే కోసి ఉంటుంది. మా ఊళ్లో సముద్రపు గాలి, ఆపైన జులై వానలు. తేమకి పలక ఉబ్బి, ఏ గాడిలోనూ ఏ ముక్కా దిగలేదు. బలవంతం చేస్తే సన్నని కమ్మీ పుటుక్కుమంది. అలమరలో పెట్టేసి సంక్రాంతి వెళ్లాక తీస్తే అవే ముక్కలు గరుకు కాగితం నాలుగుసార్లు ఆడించగానే దిగాయి. గాడి అంచుకి కొవ్వొత్తి రుద్దితే ఇంకా తేలిక. హైదరాబాద్ వైపు వాళ్లకి ఈ తంటా తక్కువ.

చెక్కలో మరీ సన్నని కమ్మీ కోయలేరు కాబట్టి జాలీ మోటుగా ఉంటుంది. కానీ రంగు విషయంలో చెక్కదే పైచేయి. అసలు టవర్ మెరిసే వెండి రంగులో ఎన్నడూ లేదు. మొదట ఎరుపు, తర్వాత పసుపు ఛాయలు, 1968 నుంచి గోధుమ రంగు వేస్తూ వచ్చారు. మెటల్ కిట్ పక్కన చెక్కది పెట్టి చూస్తే పారిస్ ఫొటోకి చెక్కదే దగ్గరగా ఉంటుంది.

## లెగో

2022లో వచ్చిన లెగో ఈఫిల్ టవర్‌లో 10,001 ముక్కలు. ఎత్తు 149 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు. అడుగు భాగం 57 సెంటీమీటర్ల చదరం. అమెరికాలో విడుదల ధర 629.99 డాలర్లు. పెట్టె మీద 18+ అని ఉంటుంది.

కష్టమేమీ లేదు, ప్రతి అడుగూ బొమ్మ వేసి చూపిస్తారు. కానీ జాలీ కాబట్టి అదే కమ్మీ, అదే అడ్డకర్ర, అదే మెలిక, వందలసార్లు. జపమాల తిప్పినట్టు. ఆఫీసు నుంచి వచ్చాక బుర్ర పెట్టకుండా చేతులు ఆడించే పని కావాలనుకునేవాళ్లకి అదే వరం. స్నేహితుడు దాన్ని "నా బీపీ మాత్ర" అంటాడు. నాకు రెండో ఆదివారానికే విసుగొచ్చింది.

నాలుగు భాగాలుగా విడదీసి ఎత్తొచ్చు, ఇల్లు మారేటప్పుడు ఆ సదుపాయం విలువ తెలుస్తుంది. దుమ్ము మాత్రం పెయింట్ బ్రష్‌తో గంటలకొద్దీ దులపాలి. అద్దాల బీరువాలో పెడదామంటే ఐదడుగుల అర ఎవరింట్లో ఉంటుంది?

ఇంత వద్దనుకుంటే లెగో ఆర్కిటెక్చర్ వరసలో 2014లో వచ్చిన 321 ముక్కల చిన్న టవర్ ఉంది. పాతది కాబట్టి దొరికితే, అధిక ధర చెప్పకపోతే తీసుకోండి. పేరులేని నకిలీ ఇటుకల సెట్లు చవగ్గా వస్తాయి కానీ, ఇలాంటి ఎత్తైన కట్టడంలో ఇటుక పట్టు వదులుగా ఉంటే కింద మొదలైన తేడా పైకి వెళ్లేకొద్దీ వంకరవుతుంది.

## మరి మీరు ఏది కొనాలి?

పదేళ్లలోపు పిల్లలకి ఫోమ్ లేదా ప్లాస్టిక్. రెండిట్లో తేల్చుకోలేకపోతే, ఒక్కసారి కట్టి స్కూల్లో చూపించడానికైతే ఫోమ్, ఇంట్లో మళ్లీ మళ్లీ కట్టుకోవడానికైతే ప్లాస్టిక్. డబ్బు పెట్టే ముందు పిల్లలకి ఓపిక ఉందో లేదో చూడాలంటే, కేనన్ కంపెనీ క్రియేటివ్ పార్క్ సైట్‌లో పేపర్ మోడల్స్ ఉచితంగా ఉంటాయి. మందపాటి కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వండి. మధ్యలో వదిలేస్తే పోయేది నాలుగు కాగితాలే.

రిటైరైన నాన్నకి ఇద్దామనుకుంటే మెటల్ వద్దు. ఆయన చేతులు వణక్కపోవచ్చు, కళ్లు అలిసిపోతాయి. ప్లాస్టిక్ జిగ్సాయే మేలు, లేదా గట్టి ప్లైవుడ్ ముక్కలు పెద్దగా ఉన్న చెక్క కిట్.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు, లేదా ఇక్కడినుంచి పంపేవాళ్లు మెటల్ కిట్ చూడండి. చదునైన కవరు, సూట్‌కేస్‌లో బట్టల మధ్య దూరిపోతుంది. కట్టర్, ప్లయర్ మాత్రం చేతి సంచిలో పెట్టకండి, ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో టెన్షన్ పడాల్సి రావచ్చు.

ఒక హెచ్చరిక. నేను చెప్పిన ఈ లెక్క ఈఫిల్ టవర్‌కే. తాజ్‌మహల్ కొనేవాళ్లు దీన్ని తిరగేయాలి. అక్కడ ఉన్నవి చదునైన పాలరాతి గోడలు, వాటి మీద పొదిగిన పని. ముద్రించిన ఫోమ్, ప్లాస్టిక్ దానికి బాగా నప్పుతాయి. ఇబ్బంది గుమ్మటంతోనే: ఫోమ్‌లో అది బత్తాయి తొనల్లా పలకలుగా వస్తుంది, కొన దగ్గర అన్నీ కలవడానికి మొరాయిస్తాయి. చార్మినార్‌కైతే నాలుగు పెద్ద కమాన్లు ఖాళీగా కనిపిస్తే చాలు, చెక్క బాగుంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ముక్కల సంఖ్య పక్కన సెంటీమీటర్లలో కొలత వెతకండి, కొలత రాయని పేజీలో కొనకండి. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో మొదటి అంతస్తు మూలలు చూడండి. అక్కడ నలుగురు కొనుగోలుదార్లకీ సందు కనిపిస్తే తప్పు వాళ్ల చేతులది కాదు.

మా ఇంట్లో ఇప్పుడు మెటల్‌ది, చెక్కది మిగిలాయి. సంక్రాంతి బొమ్మల కొలువులో ప్రతిసారీ రెంటికీ చోటు దొరుకుతుంది. కిందటేడు మెటల్ టవర్ మరీ పొట్టిగా ఉండి, పక్కనున్న కొండపల్లి కల్లుగీత కార్మికుడి భుజం దాకా వచ్చింది. అమ్మ దాన్ని తెచ్చి రెండు అగ్గిపెట్టెల మీద నిలబెట్టింది.